అల్యూమినియం బ్రాంజ్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఉప్పునీటి పంపులు, ఓడల ప్రొపెల్లర్లు, షాఫ్ట్ తిరగడానికి ఆధారమై బరువు మోసే బుష్‌లు, నిప్పురవ్వలు రాని పనిముట్లు... వీటన్నిటిలోనూ కనిపించే అల్యూమినియం బ్రాంజ్ గురించి వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: రాగి మెత్తనిది, అల్యూమినియమూ మెత్తనిదే. రెండూ కలిస్తే అంత గట్టి లోహం ఎలా వస్తుంది? ఇత్తడికీ, గన్‌మెటల్‌కీ దీనికీ తేడా ఏమిటి?

జవాబు: ఇత్తడిలో రాగికి తోడు జింకు. గన్‌మెటల్‌లో ప్రధానంగా తగరం. ఇందులో ఆ స్థానం 5 నుంచి 12 శాతం దాకా ఉండే అల్యూమినియానిది. అల్యూమినియం పరమాణువు రాగి పరమాణువు కన్నా కాస్త పెద్దది. అది రాగి స్ఫటికంలో చోటు చేసుకున్నప్పుడు అందులోని వరసలు ఒకదాని మీద ఒకటి జారడం కష్టమవుతుంది. గట్టిదనం అక్కడి నుంచే మొదలవుతుంది. అల్యూమినియం 8 శాతం లోపు ఉంటే లోహమంతా ఒకే ప్రావస్థలో (ఒకే రకం స్ఫటిక అమరికలో) ఉంటుంది, చల్లగా ఉండగానే రేకుగానో గొట్టంగానో సాగదీయవచ్చు. అది దాటితే బీటా అనే రెండో ప్రావస్థ వస్తుంది. అప్పుడు బలం బాగా పెరుగుతుంది, సాగే గుణం తగ్గుతుంది. ఇలాంటి రకాలను పోతపోస్తారు, లేదా ఎర్రగా కాల్చి సాగగొడతారు.

ఇనుము 3 నుంచి 5 శాతం కలిపితే రేణువులు సన్నబడతాయి. నికెల్ కలిపితే బలమూ, తుప్పును తట్టుకునే శక్తీ రెండూ పెరుగుతాయి. నికెల్ ఉన్న పోత రకాల్లో ఎక్కువగా వాడే సి95800 (ఇది అమెరికా ప్రమాణాల్లో ఆ రకానికి ఇచ్చిన సంఖ్య) తన్యతా బలం, అంటే లాగితే తెగకుండా తట్టుకునే బలం, కనీసం 585 మెగాపాస్కల్‌లు ఉండాలని ప్రమాణం. మామూలు నిర్మాణపు ఉక్కుకు ఇది 410 దగ్గర ఉంటుంది.

తుప్పు సంగతికొస్తే, ఈ లోహాన్ని కాపాడేది ఉపరితలం మీద తనంతట తానుగా ఏర్పడే పలుచని ఆక్సైడ్ పొర. లోపలివైపు అల్యూమినియం ఆక్సైడ్, పైన రాగి ఆక్సైడ్. గీత పడినా ఆక్సిజన్ అందితే చాలు, పొర మళ్ళీ అల్లుకుంటుంది. కింది జవాబులన్నిటిలోనూ ఈ పొర ప్రస్తావన వస్తూనే ఉంటుంది. ఎందుకంటే ఈ లోహం ఎక్కడ పాడైందని చూసినా, పొర ఏర్పడని చోటో, ఏర్పడినా ఏదో ఒకటి దాన్ని తినేసిన చోటో అయి ఉంటుంది.

ప్రశ్న: చూడటానికి బంగారంలా ఉంటుంది. నాణేలకు వాడతారా?

జవాబు: వాడతారు. యూరో 10, 20, 50 సెంట్ల నాణేలు ఈ కుటుంబానివే: రాగి 89, అల్యూమినియం 5, జింకు 5, తగరం 1 శాతం. ఆస్ట్రేలియా ఒక డాలరు, రెండు డాలర్ల నాణేల్లో రాగి 92, అల్యూమినియం 6, నికెల్ 2 శాతం. చేతులు మారినా త్వరగా నల్లబడకపోవడానికి కారణం పైన చెప్పిన పొరే.

ప్రశ్న: సముద్రపు నీటిని తోడే పంపుకు గన్‌మెటల్ ఇంపెల్లర్ (నీటిని నెట్టే రెక్కల చక్రం) బదులు అల్యూమినియం బ్రాంజ్‌ది వేయించాం. సి95400 అని సర్టిఫికెట్ కూడా ఉంది. కొన్నాళ్ళకే రెక్కల మొదట్లో, హబ్ (రెక్కలను కలిపే మధ్య దిమ్మ) దగ్గర ఎర్రటి మచ్చలు వచ్చాయి. స్క్రూడ్రైవర్‌తో గీకితే పొడిలా రాలుతోంది. ఇది తుప్పు పట్టని లోహం కాదా?

జవాబు: సర్టిఫికెట్ నిజమే అయ్యుండవచ్చు. పొరపాటు రకం ఎంచుకోవడంలో జరిగింది. మీకు కనిపిస్తున్న ఎర్రదనం రాగిది. మిశ్రలోహంలోంచి అల్యూమినియం కరిగి వెళ్ళిపోయి, స్పాంజిలాంటి రాగి మిగిలింది. ఇత్తడిలోంచి జింకు పోయినట్టే ఇక్కడ అల్యూమినియం పోతుంది. కొలతలు మారవు, ఆకారం చెడదు, కానీ ఆ భాగానికి బలం ఉండదు.

సి95400లో అల్యూమినియం 10 నుంచి 11.5 శాతం, ఇనుము 3 నుంచి 5 శాతం. నికెల్ 1.5 శాతానికి మించకూడదు, తరచూ అసలే ఉండదు. ఇలాంటి లోహం పోత తరువాత 565 డిగ్రీల సెల్సియస్ కన్నా కిందికి మెల్లగా చల్లారితే, అందులోని బీటా విడిపోయి గామా-2 అనే ప్రావస్థ పుడుతుంది. అది పెళుసు. పైగా చుట్టూ ఉన్న లోహంతో పోలిస్తే సముద్రపు నీటిలో ముందుగా కరిగేది అదే. రెక్కల అంచులు పలుచన కాబట్టి త్వరగా చల్లారతాయి, వాటికి పెద్దగా ఏమీ కాదు. హబ్, రెక్క మొదలు మందంగా ఉంటాయి, అచ్చులో చాలాసేపు వేడిగా ఉంటాయి. మచ్చలు అక్కడే రావడానికి కారణం ఇది. గామా-2 విడివిడి చుక్కలుగా ఉంటే నష్టం పైపైనే ఆగుతుంది. వలలా ఒకదానికొకటి అంటుకుని ఉంటే తుప్పు ఆ దారి పట్టుకుని లోపలిదాకా పోతుంది.

దీనికి ఒక లెక్క ఉంది, ఆర్డరు ఇచ్చే ప్రతివారూ గుర్తుంచుకోదగ్గది. అల్యూమినియం శాతం, 8.2కు నికెల్ శాతంలో సగం కలిపితే వచ్చే సంఖ్యను దాటకూడదు. నికెల్ 4.5 ఉంటే హద్దు 10.45. నికెల్ 1 ఉంటే 8.7 మాత్రమే. మీ ఇంపెల్లర్‌లో అల్యూమినియం ఎంత తక్కువ అనుకున్నా 10 ఉంటుంది, నికెల్ గరిష్ఠంగా 1.5 ఉన్నా హద్దు 8.95. సముద్రపు నీటికి అది మొదటి నుంచీ పనికిరాదన్నమాట. గేర్లు, అరుగుదల ప్లేట్లు, భారీ బుష్‌ల వంటి పనులకు సి95400 చాలా మంచి లోహం, దాన్ని తప్పు పట్టనక్కర్లేదు.

ఈసారి ఆర్డరులో ఉత్త ‘బ్రాంజ్’ అనో, ‘అల్యూమినియం బ్రాంజ్’ అనో రాసి వదిలేయకండి. ఏఎస్‌టీఎం బి148 ప్రమాణంలోని సి95800 అని రాయండి. అందులో రాగి కనీసం 79, అల్యూమినియం 8.5 నుంచి 9.5, నికెల్ 4 నుంచి 5, ఇనుము 3.5 నుంచి 4.5, మాంగనీసు 0.8 నుంచి 1.5 శాతం ఉండాలి. సీసం 0.03 శాతం మించకూడదు. ఇనుము నికెల్‌ను దాటకూడదన్న షరతు కూడా ఉంది, సర్టిఫికెట్ చూసేటప్పుడు చాలామంది దీన్ని గమనించరు. పోతను 675 డిగ్రీల దగ్గర 6 గంటలు ఉంచి గాలిలో చల్లార్చమని విడిగా రాయండి. మిగిలిపోయిన బీటా దీనితో సర్దుకుంటుంది. ఈ వేడిచికిత్స ఆర్డరులో అడగకపోతే సాధారణంగా ఎవరూ చేయరు. మిషనింగ్‌కు ముందే చేయించాలి, ఎందుకంటే కొలతలు కొద్దిగా కదులుతాయి.

పాత ఇంపెల్లర్‌ను వెల్డింగ్‌తో బతికించే ప్రయత్నం వద్దు. రాగిగా మారిన భాగం ఎంత లోతుందో బయటి నుంచి తెలియదు.

ప్రశ్న: కొన్న కడ్డీ నిజంగా అల్యూమినియం బ్రాంజేనా, లేక మాంగనీస్ బ్రాంజ్ పేరుతో అమ్మే గట్టి ఇత్తడా? ల్యాబ్‌కు పంపకుండా చూసుకునే మార్గం ఉందా?

జవాబు: సాంద్రత చూడండి, చాలావరకు తేలిపోతుంది. అల్యూమినియం తేలిక కాబట్టి దీని సాంద్రత ఘనసెంటీమీటరుకు 7.4 నుంచి 7.7 గ్రాములు. గట్టి ఇత్తడి 8.3 దగ్గర, మామూలు ఇత్తడి 8.4 నుంచి 8.5, గన్‌మెటల్ 8.7 నుంచి 8.8.

గ్రాము తేడా చూపే ఎలక్ట్రానిక్ కాటా, ఒక నీళ్ళగిన్నె, సన్నని దారం చాలు. ముక్కను పొడిగా తూచి బరువు రాసుకోండి. తరువాత నీళ్ళగిన్నెను కాటా మీద పెట్టి సున్నా చేయండి. ముక్కను దారంతో వేలాడదీసి, పూర్తిగా మునిగేలా, అడుగుకూ పక్కలకూ తగలకుండా నీళ్ళలోకి దించండి. కాటా ఇప్పుడు చూపే గ్రాములే ఆ ముక్క ఘనపరిమాణం, ఘనసెంటీమీటర్లలో. పొడి బరువును దీనితో భాగించాలి. ఉదాహరణకు 1140 గ్రాముల ముక్కకు కాటా 150 చూపితే సాంద్రత 7.6. అదే గట్టి ఇత్తడి అయితే 137 చుట్టుపక్కల, గన్‌మెటల్ అయితే 130 చూపిస్తుంది. ఈ తేడా పొరబడనంత పెద్దది.

ముక్కకు అంటుకున్న గాలిబుడగలు ఫలితాన్ని చెడగొడతాయి. నీళ్ళలో ఒక చుక్క సబ్బు వేసి, ముక్కను ఒకసారి కదిపితే పోతాయి. ముక్క మరీ చిన్నదైతే ఒక గ్రాము తేడాకే లెక్క తప్పుతుంది, కాబట్టి అరకిలోకు తక్కువ కాకుండా తీసుకోండి. లోపల బోలు ఉన్న పోత ముక్క మోసం చేయగలదు. సాగగొట్టిన కడ్డీ ముక్క అయితే ఆ భయం లేదు.

ఇంకో పరీక్ష టార్చి. ఒక మూలను కరిగేదాకా వేడిచేస్తే ఇత్తడి తెల్లటి పొగ విడుస్తుంది, జింకు ఆవిరి అది. అల్యూమినియం బ్రాంజ్‌కు అలాంటి పొగ రాదు. ముడతలు పడ్డ చర్మం లాంటి పొర కింద లోహం కరిగి ఉంటుంది, త్వరగా కిందికి జారదు. ఆ తెల్లపొగ పీలిస్తే జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తాయి. ఆరుబయట, గాలివాటుకు ఎదురుగా లేకుండా చేయండి. అయస్కాంతాన్ని నమ్ముకోవద్దు. రెండింటిలోనూ ఇనుము ఉంటుంది, రెండూ కొద్దిగా లాగవచ్చు.

ఈ పరీక్షల హద్దు కూడా చెప్పాలి. నికెల్ ఉన్నదా లేనిదా అన్నది సాంద్రత తేల్చదు. సముద్రపు నీటి పనికి అసలు ప్రశ్న అదే కాబట్టి ల్యాబ్ తప్పదు. చేతిలో పట్టుకునే ఎక్స్‌రే యంత్రాలు నికెల్, ఇనుములను బాగా చదువుతాయి కానీ అల్యూమినియం దగ్గర తడబడతాయి. ఉపరితలాన్ని శుభ్రంగా రుద్దకపోతే మరీనూ. అల్యూమినియం శాతం కచ్చితంగా కావాలంటే స్పార్క్ స్పెక్ట్రోమీటర్ మీద చూపించాలి.

ప్రశ్న: సరైన రకమే వాడాం, నికెల్ ఉన్నదే. కొత్త పంపును నీటితో పరీక్షించి పక్కన పెట్టాం. రెండు నెలల తరువాత విప్పితే లోపల నల్లగా ఉంది, కుళ్ళిన గుడ్ల వాసన. నడపడం మొదలుపెట్టాక గుంటలు పడుతున్నాయి.

జవాబు: పరీక్షకు వాడిన నీరు లోపలే నిలిచిపోయింది. అందులోని నాచు, చిన్న జీవులు కుళ్ళి ఆక్సిజన్‌ను ఖర్చు చేశాయి. ఆక్సిజన్ లేని చోట పెరిగే బ్యాక్టీరియా సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మార్చింది. కొత్త లోహం మీద ఆక్సైడ్ పొర ఇంకా ముదరకముందే దాని బదులు సల్ఫైడ్ పొర కూర్చుంది. అది నల్లగా, వదులుగా ఉంటుంది, లోహాన్ని కాపాడదు. తరువాత తాజా నీరు వేగంగా పారినప్పుడు అక్కడక్కడా ఊడుతుంది, ఊడిన చోటల్లా గుంట పడుతుంది. రాగి మిశ్రలోహాలన్నిటికీ ఈ జబ్బు ఉంది.

ఇప్పుడు చేయవలసింది: విప్పి, నల్లపొరను మెత్తని నైలాన్ బ్రష్‌తోనో, ఒత్తిడితో కొట్టే మంచినీటితోనో పూర్తిగా తీసేయండి. కంటికి మెరిసే లోహం కనిపించాలి. ఆ తరువాత శుభ్రమైన, గాలి కలిసిన నీటితో ఆపకుండా నడపండి. మంచి పొర మొదటి కొన్ని రోజుల్లోనే మొదలవుతుంది కానీ గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఇకముందు పరీక్షకు మంచినీరే వాడి, వెంటనే దించి, ఆరబెట్టండి. పంపు ఆపాల్సి వచ్చినా ఉప్పునీటిని మూడు నాలుగు రోజులకు మించి కదలకుండా ఉంచవద్దు. మార్చండి, లేదా ఖాళీ చేయండి.

ఒకే ఉత్తరంలో జతలోహాల గురించి కూడా అడిగారు. సముద్రపు నీటిలో అల్యూమినియం బ్రాంజ్, ఉక్కు తగిలి ఉంటే తినుకుపోయేది ఉక్కు. పెద్ద బ్రాంజ్ బాడీకి చిన్న ఉక్కు బోల్టులు వేస్తే ఆ బోల్టులు ఎక్కువ కాలం ఉండవు. బోల్టులు కూడా అదే లోహానివి వేయండి. స్టెయిన్‌లెస్, టైటానియం జత అయితే లెక్క తిరగబడుతుంది, నష్టం బ్రాంజ్‌ది. బ్రాంజ్ భాగం పెద్దదీ, స్టెయిన్‌లెస్ చిన్నదీ అయితే మామూలుగా ఇబ్బంది రాదు. అందరూ మరిచేది గ్రాఫైట్. గ్లాండ్ ప్యాకింగ్‌లో (షాఫ్ట్ పక్కనుంచి నీరు కారకుండా కూరేది), గ్యాస్కెట్‌లో, గ్రీజులో గ్రాఫైట్ ఉంటే అది టైటానియం కన్నా గట్టిగా బ్రాంజ్‌ను తినిపిస్తుంది. ఉప్పునీటి పంపుకు గ్రాఫైట్ లేని ప్యాకింగే తెప్పించుకోండి.

ప్రశ్న: ఫ్లాంజ్ (పైపులు బోల్టులతో కలిపే అంచు) ముఖం మీద, గ్యాస్కెట్ కింద మాత్రమే తినేసినట్టుంది. మిగతా అంతా బాగుంది. ఎందుకని?

జవాబు: ఆ సందులోకి ఆక్సిజన్ చేరదు, లోపలి నీరు బయటికి రాదు. సముద్రపు నీటి పీహెచ్ 8 పైన ఉంటే, అలాంటి ఇరుకులో అది 4 కన్నా కిందికి పడిపోగలదు. ఆ పులుపులో నికెల్, ఇనుము, అల్యూమినియం కలిసి ఏర్పడిన కప్పా ప్రావస్థలు కరగడం మొదలుపెడతాయి. బయట అవి చుట్టూ ఉన్న లోహం కన్నా గట్టిగా నిలబడేవే. నత్తగుల్లలు అంటుకున్న చోట కింద కూడా ఇదే జరుగుతుంది. జింకు యానోడ్‌లతో కాథోడిక్ రక్షణ ఇస్తే (బ్రాంజ్ బదులు జింకు కరుగుతుంది) చాలావరకు ఆగుతుంది. ముఖం మిషన్ చేసి వాడుకోవచ్చు, కానీ ఎర్రదనం పూర్తిగా పోయి పసుపు లోహం తేలేదాకా కోయాలి.

ప్రశ్న: కండెన్సర్ గొట్టాలకు అల్యూమినియం బ్రాంజ్ వాడవచ్చా?

జవాబు: గొట్టాలకు 90-10 కుప్రోనికెల్ (రాగి 90, నికెల్ 10 శాతం) మేలు. సులువుగా వంగుతుంది, వెల్డ్ అవుతుంది, నాచు, గుల్లలు తక్కువగా పడతాయి. గొట్టాలు బిగించే ట్యూబ్ ప్లేట్‌కు అల్యూమినియం బ్రాంజ్ బాగుంటుంది. అల్యూమినియం బ్రాస్ గొట్టాలు వేరే సరుకు. అందులో 22 శాతం దాకా జింకు ఉంటుంది, అల్యూమినియం 2 శాతమే.

ప్రశ్న: పాత బుష్ అరిగితే ‘ఇంకా గట్టిది’ అని అల్యూమినియం బ్రాంజ్ బుష్ వేశాం. నెల తిరక్కుండా షాఫ్ట్ గీతలు పడిపోయింది. బుష్ మాత్రం చెక్కుచెదరలేదు!

జవాబు: మీ చివరి వాక్యంలోనే కారణం ఉంది. బుష్ అనేది షాఫ్ట్ కన్నా ముందు అరగవలసిన వస్తువు. పాతది బహుశా సీసం కలిసిన తగరపు బ్రాంజ్ అయి ఉంటుంది: రాగి 83, తగరం 7, సీసం 7, జింకు 3. దాని బ్రినెల్ కాఠిన్యం 65 దగ్గర. సి95400ది 170. గట్టిపరచని మామూలు ఉక్కు షాఫ్ట్‌ది దానికన్నా తక్కువే ఉండవచ్చు. సీసం ఉన్న బుష్‌లోకి దుమ్ము, ఇసుకరేణువు దిగబడి పోతాయి, నూనె కాసేపు అందకపోయినా సీసం జారుడు ఇస్తుంది. అల్యూమినియం బ్రాంజ్ రెండూ చేయదు. రేణువు ఇరుక్కుంటే అది కోసేది షాఫ్ట్‌నే.

ఈ లోహం పనికొచ్చేది బరువు ఎక్కువ, వేగం తక్కువ, దెబ్బలు తగిలే చోట. అప్పుడు కూడా షాఫ్ట్‌ను 50 రాక్‌వెల్ సి (కాఠిన్యానికి మరో కొలమానం) దాకా గట్టిపరచి, గ్రైండింగ్ చేసి నున్నగా ఉంచాలి. గ్రీజు గాడి తప్పనిసరి, అది బరువు పడే వైపు కాకుండా ఎదుటివైపు ఉండాలి. సీలు ఉండాలి. షాఫ్ట్ వంకరగా కూర్చుంటే బుష్ సర్దుకోదు, అంచు మీదే బరువంతా పడుతుంది. సందు షాఫ్ట్ వ్యాసంలో వెయ్యో వంతు నుంచి వెయ్యికి రెండు వంతుల దాకా ఇవ్వండి. 50 మిల్లీమీటర్ల షాఫ్ట్‌కు 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్లు. బుష్‌ను హౌసింగ్‌లోకి ప్రెస్ చేశాక రంధ్రం మూసుకుంటుందని మరవకండి, బిగువుగా ఇచ్చినదాంట్లో ఎక్కువ భాగం లోపలి వ్యాసంలోంచే తగ్గుతుంది. ప్రెస్ చేసిన తరువాత కొలిచి, చివరి కోత అప్పుడు వేయండి.

మీ యంత్రంలో షాఫ్ట్ మార్చే ఉద్దేశం లేకపోతే పాత రకం బుష్‌కే తిరిగి వెళ్ళండి.

ప్రశ్న: ఇత్తడి అలవాటుతో దీన్ని డ్రిల్ చేస్తే డ్రిల్లు పట్టేసి విరిగింది. రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే పనిముట్టు) వేసిన రంధ్రం మర్నాటికి చిన్నదైంది.

జవాబు: రెండింటికీ మూలం వేడి. ఇత్తడి వేడిని మోసుకుపోయినంత త్వరగా ఇది మోయదు. నికెల్ రకాల ఉష్ణవాహకత మామూలు ఇత్తడిలో మూడో వంతు. కోసేచోట వేడి పేరుకుని ముక్క వ్యాకోచిస్తుంది. 100 మిల్లీమీటర్ల బోరును గది వేడి కన్నా 60 డిగ్రీలు ఎక్కువగా ఉన్నప్పుడు కొలిస్తే, చల్లారాక దాదాపు 0.1 మిల్లీమీటరు తగ్గుతుంది. కాబట్టి చివరి కోతకు ముందు ముక్కను గది వేడికి రానివ్వండి.

డ్రిల్లు పదునుగా ఉండాలి. ఇత్తడి కోసం అంచు చదును చేసిన డ్రిల్లును వాడకండి, కాస్త పాజిటివ్ రేక్ (కోసే అంచు పదునుగా లోహంలోకి దిగే వాలు) ఉంచండి. కొంచెం దిగి బయటికి లాగి చిప్స్ తీసేస్తూ, నీళ్ళలో కలిసే కటింగ్ ఆయిల్ ధారగా పోయాలి. తిప్పుతూ ఫీడ్ ఆపితే లోహం రుద్దుకుని గట్టిపడుతుంది. రీమర్‌కు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు వదలండి. మరీ తక్కువ వదిలితే కోయదు, రుద్దుతుంది. లేత్ మీద కె రకం కార్బైడ్ టిప్పులు బాగా పనిచేస్తాయి. గంధకం కలిసిన కటింగ్ ఆయిల్ మాత్రం వద్దు, లోహం నల్లబడుతుంది.

ప్రశ్న: నికెల్ అల్యూమినియం బ్రాంజ్ పంపు కేసింగ్‌కు పగులు. గ్యాస్ వెల్డింగ్‌తో అతకడం లేదు. పద్ధతి చెప్పండి.

జవాబు: గ్యాస్ మంటతో రాదు. లోహం 1050 డిగ్రీల దగ్గర కరుగుతుంది, దాని మీది అల్యూమినియం ఆక్సైడ్ కరగాలంటే 2000 దాటాలి. కింద లోహం నీరైపోయినా పైన పొర విడదీసే ఉంచుతుంది. దాన్ని ఆర్క్‌తోనే చీల్చాలి.

ముందు డై పెనెట్రెంట్‌తో (పగుళ్ళలోకి ఇంకి వాటిని చూపే రంగు ద్రవం) పగులు రెండు కొసలూ కనుక్కోండి. గ్రైండ్ చేస్తుంటే ఎర్రటి రాగి కనిపిస్తే, పసుపు లోహం వచ్చేదాకా తీసేయండి. అది రాకముందే మందం అయిపోతే ఆ కేసింగ్ వెల్డింగ్‌కు అర్హం కాదు. 60 నుంచి 70 డిగ్రీల వి గాడి తీసి, పెయింటు, గ్రీజు తుడిచి, స్టెయిన్‌లెస్ వైర్ బ్రష్‌తో రుద్దండి. ఉక్కు మీద వాడిన బ్రష్ వద్దు.

పలుచని చోట ఆర్గాన్‌తో, ఏసీ మీద టిగ్ (టంగ్‌స్టన్ కడ్డీ ఆర్క్) వెల్డింగ్. ఏసీలో ఒక అర్ధచక్రం ఆక్సైడ్‌ను ఊడగొడుతుంది. మందమైన చోట డీసీ పాజిటివ్ మీద మిగ్ (తీగే కరుగుతూ ఆర్క్ ఇచ్చే) వెల్డింగ్. ఫిల్లర్‌లో నికెల్ ఉండాలి, లేకపోతే వెల్డ్‌కూ కేసింగ్‌కూ మధ్య తేడాను ఉప్పునీరు పట్టుకుంటుంది. పలుచని ముక్కకు ముందు వేడి అక్కర్లేదు. మందమైనదాన్ని తడి పోయి గోరువెచ్చగా అయ్యేలా వేడిచేయండి. పాస్‌కూ పాస్‌కూ మధ్య 150 డిగ్రీలు దాటనివ్వకండి. దాటితే ఆగండి. పగుళ్ళు వచ్చేది తొందరపడ్డప్పుడే. ప్రతి పాస్ తరువాతా బ్రష్ చేయాలి. ఎక్కడైనా సీసం ఉన్న గన్‌మెటల్ మసి, పొడి ఉంటే వెల్డ్ వేడిగా ఉండగానే చీలుతుంది.

ఉప్పునీటి కేసింగ్ అయితే వెల్డింగ్ తరువాత మొత్తం ముక్కను 675 డిగ్రీల దగ్గర 6 గంటలు ఉంచి గాలిలో చల్లార్చాలి. వెల్డ్ పక్కన వేడి తగిలిన సన్నని పట్టీలో పోతలో వచ్చినట్టే కరిగిపోయే ప్రావస్థలు పుట్టి ఉంటాయి, ఈ చికిత్స వాటిని సరిచేస్తుంది. మిషన్ చేసిన ముఖాలు కదులుతాయి కాబట్టి చివరి కోత తరువాతే పెట్టుకోండి. పొగ పోయే ఏర్పాటు చేసుకోండి.

ప్రశ్న: చిన్న ఫౌండ్రీ మాది. గన్‌మెటల్ బాగా పోస్తాం. అల్యూమినియం బ్రాంజ్ పంపు బాడీలు పైకి నున్నగా వస్తున్నా ప్రెషర్ టెస్టులో నీళ్ళు చెమరుస్తున్నాయి. కొన్నింట్లో రైజర్ (కుంచింపును పూడ్చడానికి పోత మీద ఉంచే అదనపు లోహం) కింద గొయ్యి.

జవాబు: ఇవి రెండు వేర్వేరు లోపాలు. రెండూ గన్‌మెటల్ అలవాట్ల నుంచి వచ్చినవే.

గొయ్యి సంగతి ముందు. గన్‌మెటల్ గట్టిపడటం మొదలై పూర్తయ్యేసరికి వంద డిగ్రీలకు పైగా తేడా ఉంటుంది, చాలాసేపు సంకటిలా ఉంటుంది. దాని కుంచింపు పోత అంతటా సన్న రంధ్రాలుగా సర్దుకుంటుంది. సి95800 రకం 1060 దగ్గర మొదలై 1045 లోపే గట్టిపడిపోతుంది. కుంచింపంతా చివర గట్టిపడే చోట ఒకే గొయ్యిగా పడుతుంది. ఆ చోటు పోతలో కాకుండా రైజర్‌లో ఉండాలి. రైజర్లు పెద్దవి చేయండి, మందమైన చోట్ల మీద పెట్టండి, దూరపు మందాల దగ్గర ఇనుప చిల్స్ (వేడిని త్వరగా లాగే ముక్కలు) వేయండి. ప్యాటర్న్‌కు కుంచింపు 2 శాతం లెక్క వేయండి.

నీళ్ళు చెమర్చడానికి కారణం ఆక్సైడ్ పొరలు. వాడకంలో కాపాడే పొరే పోతలో శత్రువు. కరిగిన లోహం గాలి తగిలిన ప్రతిచోటా చర్మం కట్టుకుంటుంది. అది చిందితే, తుళ్ళితే, చర్మం మడతపడి లోపలికి పోతుంది. ఆ మడత రెండు వైపులా ఎప్పటికీ అతుక్కోవు. అది గోడకు అడ్డంగా ఉంటే నీరు దానిగుండా నడుస్తుంది. గేటు (లోహం అచ్చులోకి చేరే ద్వారం) దగ్గర లోహం వేగం సెకనుకు అర మీటరు దాటకూడదు. 13 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి జారితేనే ఆ వేగం వచ్చేస్తుంది, కాబట్టి పైనుంచి పోసే గేటింగ్‌తో ఇది సాధ్యం కాదు. కింది నుంచి నింపండి. స్ప్రూ (లోహం దిగే నిలువు దారి) కిందికి పోయేకొద్దీ సన్నబడాలి, రన్నర్ (అక్కడి నుంచి గేటుకు పోయే అడ్డ కాలువ) వెడల్పుగా ఉండాలి, రన్నర్‌లో సిరామిక్ ఫోమ్ ఫిల్టర్ పెడితే లోహం నెమ్మదిస్తుంది. పోయడం మొదలుపెట్టాక ఆపవద్దు, స్ప్రూ నిండుగానే ఉండాలి. ఈ తుళ్ళింతను పూర్తిగా తప్పించడానికే ఫ్రాన్స్‌లో డర్విల్ అనే ఆయన మూసనూ అచ్చునూ కలిపి బిగించి, రెండింటినీ మెల్లగా తిరగేసే పద్ధతి కనిపెట్టాడు. పోతపోయడం అనే మాటే అందులో లేదు, లోహం ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారుతుందంతే. కడ్డీ దిమ్మెలకు అది అద్భుతం, పంపు బాడీలకు కుదరదు.

కరిగించే వరుస కూడా చూడండి. రాగి, నికెల్, సన్నని ఉక్కు ముక్కలుగా ఇనుము ముందు. ఇనుము నిదానంగా కరుగుతుంది, తొందరపడితే గట్టి గడ్డలుగా మిగిలి మిషనింగ్‌లో టిప్పులు విరగ్గొడుతుంది. తరువాత మాంగనీసు. అల్యూమినియం చివర. అది రాగిలో కలిసేటప్పుడు విపరీతంగా వేడి పుడుతుంది, మూసలో వేడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. రాగిలో పదో వంతు పక్కన పెట్టుకుని అప్పుడు వేస్తే చల్లబడుతుంది. కలిపే కడ్డీ, వేసే ముక్కలు అన్నీ ముందే వేడిచేసి తడి లేకుండా ఉండాలి. తడి ముక్క మూసలో పడితే లోహం పేలి పైకి చిమ్ముతుంది. తడి వల్ల హైడ్రోజన్ కూడా చేరుతుంది, నైట్రోజన్ కొన్ని నిమిషాలు బుడగలుగా పంపితే అది తగ్గుతుంది. మడ్డిని మాటిమాటికీ తీయకండి, తీసినకొద్దీ కొత్తది పుడుతుంది. పోయబోయే ముందు ఒక్కసారి తీస్తే చాలు. మందాన్ని బట్టి 1120 నుంచి 1200 డిగ్రీల మధ్య పోయండి. గన్‌మెటల్ కరిగించిన మూసను దీనికి వాడకండి, అందులోని సీసం, తగరం ఇందులోకి వస్తాయి.

ప్రశ్న: నిప్పురవ్వలు రాని స్పానర్లు, సుత్తులు ఈ లోహంవేనా? ఎక్కడైనా వాడవచ్చా?

జవాబు: అల్యూమినియం బ్రాంజ్‌వీ, బెరీలియం కాపర్‌వీ రెండు రకాలు దొరుకుతాయి. రెండోది ఎక్కువ గట్టిది, కానీ దాన్ని గ్రైండ్ చేస్తే వచ్చే బెరీలియం దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. ఉక్కు నుంచి రాలే రేణువు గాలిలో మండుతుంది, ఈ లోహాల రేణువు మండదు. తేడా అంతే. ఉక్కు కన్నా మెత్తన కాబట్టి స్పానర్‌కు పైపు తొడిగి బలం పెంచవద్దు, దవడలు విచ్చుకుంటాయి. సుత్తి ముఖంలో ఉక్కు పొడి, ఇసుక దిగబడితే అవే రవ్వలు రాల్చగలవు. తరచూ చూసి శుభ్రం చేయాలి. హైడ్రోజన్ వంటి చాలా తేలిగ్గా అంటుకునే వాయువుల దగ్గర ఈ పనిముట్లను మాత్రమే నమ్ముకోకూడదు, ముందు వాయువును తొలగించాలి.

ఎసిటిలిన్ ఉన్న చోట వీటిని అసలు వాడకండి. రాగి ఎక్కువగా ఉన్న లోహాలతో ఎసిటిలిన్ కలిస్తే కాపర్ ఎసిటిలైడ్ ఏర్పడుతుంది. ఎండాక చిన్న దెబ్బకే పేలుతుంది.

ప్రశ్న: రసాయనాల పంపుకు ఇది పనికొస్తుందా?

జవాబు: ఏ రసాయనం అన్నదాన్ని బట్టి. గాలి, ఆక్సీకరణ పదార్థాలు కలవని సజల సల్ఫ్యూరిక్ ఆమ్లానికి బాగుంటుంది. నైట్రిక్ ఆమ్లానికి, ఫెర్రిక్ క్లోరైడ్‌కు వద్దు, వేగంగా కరిగిపోతుంది. గాఢమైన వేడి కాస్టిక్ సోడాకు కూడా వద్దు, అల్యూమినియం ఆక్సైడ్ క్షారంలో కరుగుతుంది కాబట్టి కాపాడే పొర నిలవదు. అమ్మోనియాలో ఇత్తడి కన్నా కాస్త నయమే అయినా, బిగువులో ఉన్న భాగం పగిలే ప్రమాదం ఉంటుంది. పాదరసం ఏ కొంచెం ఉన్నా వద్దు, లోహం పెళుసుబారుతుంది. మీ ద్రవం పేరు, గాఢత, వేడి, ఆపి ఉంచే సమయం నాలుగూ రాసి పంపితే రకం సూచించగలం. పంపు ఆగి ఉన్నప్పుడు లోపల ఏం నిలుస్తుందో రాయడం మరవకండి.